ట్రాంబ్లేల ఇంటిపేరు, ఓజాన్ పుట్టింటిపేరు

క్యూబెక్‌లో నూటికి ఒకరి ఇంటిపేరు ట్రాంబ్లే. కెనడాలోని ఆ ఫ్రెంచి రాష్ట్రంలో ఇంతకంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మరొకటి లేదు. ఒకే ఇంటిపేరు వేలమందికి ఉండడం మనకు వింత కాదు. కానీ మన దగ్గర ఆ వేలమందీ ఒకే మూలపురుషుడి సంతానమా, లేక ఒకే ఊరి పేరు పెట్టుకున్న పది కుటుంబాల వారసులా అని అడిగితే జవాబు దొరకదు. గోత్రం కలిసిందో లేదో చూసుకుని సరిపెట్టుకుంటాం. క్యూబెక్ ట్రాంబ్లేల విషయంలో జవాబు ఉంది. దత్తతల వంటివి పక్కన పెడితే, వాళ్లందరి వంశమూ ఒకే దంపతుల దగ్గరికి చేరుతుంది. ఆ దారిని ఒక్కో పెళ్లి దాటుకుంటూ కాగితం మీద చూపించవచ్చు.

ఆ భర్త పేరు పియెర్ ట్రాంబ్లే. పారిస్‌కు పడమరగా పెర్ష్ అనే చిన్న ప్రాంతం ఉంది. అందులోని రాందొనే గ్రామంలో 1626లో అతనికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంటిపేరు ఆస్పెన్ చెట్ల తోపును బట్టి వచ్చింది, ఆ పేరుతో ఫ్రాన్సులో ఊళ్లు కూడా ఉన్నాయి. మన వేములపల్లి, తాడికొండ బాపతే. 1647లో కూలి ఒప్పందం మీద ఓడెక్కి, అప్పట్లో న్యూ ఫ్రాన్సు అనే వలసకు చేరాడు. పదేళ్ల తర్వాత, 1657 అక్టోబరు 2న, లా రోషెల్ వైపు నుంచి వచ్చిన ఓజాన్ అషోన్‌ను క్యూబెక్‌లో పెళ్లి చేసుకున్నాడు. పన్నెండుమంది పిల్లలు. వారిలో నలుగురు కొడుకుల ద్వారా ఇంటిపేరు ఖండమంతా పాకింది. అమెరికా వెళ్లినవాళ్లు దాన్ని ట్రోంబ్లీ అని కూడా రాసుకున్నారు.

పియెర్ రాజూ కాదు, సేనానీ కాదు. పొలం పని చేసుకుని బతికిన మనిషి. అతని వివరాలు ఇవాళ ఇంత స్పష్టంగా తెలుస్తున్నాయంటే ఆ ఘనత అతనిది కాదు, రాసిపెట్టినవాళ్లది. రాసే పద్ధతి కొంచెం వివరంగా చూడాలి.

ఫ్రాన్సులో 1539 నాటి విల్లేర్ కొత్‌రే రాజశాసనం బాప్తిస్మాలను చర్చి రిజిస్టర్లలో రాయమంది. 1579లో వచ్చిన మరో శాసనం పెళ్లిళ్లను, చావులను చేర్చింది. 1667లో పద్నాలుగో లూయీ ఇంకో మెట్టు ఎక్కి, ప్రతి రిజిస్టరూ రెండు ప్రతులుగా ఉండాలన్నాడు. ఒకటి చర్చిలో, రెండోది న్యాయస్థానంలో. ఇదంతా ప్రజల వంశవృక్షాల మీద ప్రేమతో చేసినది కాదు. వారసత్వ తగాదాలు తేల్చడానికి, వయసు రుజువు కావడానికి, రాజ్యం తన మనుషులను లెక్క పెట్టుకోవడానికి చేసినది. రెండు ప్రతుల విలువ మాత్రం క్యూబెక్‌కు ముందే తెలిసివచ్చింది. 1640లో అక్కడి చర్చి తగలబడి రిజిస్టర్లు బూడిదైతే, జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్లీ కూర్చుని రాయాల్సి వచ్చింది. 1776లో ఇంకో ఉత్తర్వు వచ్చింది: వలస ప్రాంతాల రిజిస్టర్ల నకలు ఒకటి సముద్రం దాటి ఫ్రాన్సుకే చేరాలి. విప్లవం వచ్చాక 1792లో ఈ పని పాదిరీల చేతి నుంచి మునిసిపాలిటీలకు మారింది. 1794 ఆగస్టులో, పుట్టినప్పుడు నమోదైన పేరు తప్ప మరో పేరు ఎవరూ పెట్టుకోకూడదని ఇంకో చట్టం చేశారు. ఫ్రాన్సులో ఈమధ్య ఇదంతా కొంత సడలింది. 2005 నుంచి పిల్లలకు తల్లి ఇంటిపేరు పెట్టవచ్చు. 2022 నుంచి పెద్దవాళ్లు జీవితంలో ఒకసారి ఒక ఫారం నింపి తల్లి ఇంటిపేరుకు మారవచ్చు.

నన్ను ఆపేసింది ఈ చట్టాలు కాదు, పెళ్లి నమోదులో ఉండే వరస. న్యూ ఫ్రాన్సు పాదిరీ పెళ్లి రాసేటప్పుడు వరుడి పేరు, అతని తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటి ఇంటిపేరు, వాళ్ల ఊరు రాసేవాడు. వధువుకూ అంతే. ఆమెకు పిల్లలు పుట్టినప్పుడు, భర్త పోయి మళ్లీ పెళ్లాడినప్పుడు, చివరికి ఆమె పోయినప్పుడు కూడా పుట్టింటిపేరుతోనే రాశారు. ఓజాన్ అషోన్ ట్రాంబ్లే ఇంటి కోడలైనా రిజిస్టర్లలో చివరిదాకా అషోనే. ఈ ఒక్క అలవాటు వల్ల అక్కడ తల్లి తల్లి తల్లిని పట్టుకుంటూ మూడు వందల యాభై ఏళ్లు వెనక్కి నడవవచ్చు.

ఇక్కడ ఆడపిల్ల ఇంటిపేరు పెళ్లితో మారుతుంది. మార్చుకోనివాళ్లూ ఇప్పుడు చాలామందే ఉన్నారు, కానీ వాళ్ల అమ్మమ్మల కాలపు కాగితాల్లో పుట్టింటిపేరు ఉండదు. అసలు కాగితమే ఉండదు. మన జ్ఞాపకం తక్కువదని కాదు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు పురోహితుడు ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాల పేర్లు వినిపిస్తాడు. ఆ మూడూ మగవాళ్లవే. తద్దినాలు, తర్పణాలు చేసే ఇళ్లలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా పలుకుతారు, కాని మెట్టినింటి గోత్రంతో. రెడ్ల గోత్రాలు, వంశ చరిత్రలు చెప్పిన పిచ్చకుంట్లవారు, పద్మశాలీల కథలు మోసిన సాధనాశూరులు ఒక కాగితం ముక్క లేకుండా తరాల వరసలు కాపాడారు. ఆ పని పాదిరీ రిజిస్టరుకు తీసిపోదు. ఆ గొంతులు ఆగిపోతున్నప్పుడు రాసుకునే ఏర్పాటు చేయకపోవడమే మన లోపం.

చేతగాక చేయలేదని అనడానికి వీల్లేదు. అరెకరం పొలం కొనబోతే పాత దస్తావేజులు, ఈసీ, పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు అన్నీ అడిగి, ఒక్క చేయి మారిన జాడ తగ్గినా అడ్వాన్సు ఇవ్వం. నేల వంశవృక్షం మీద ఉన్న ఈ పట్టుదలలో కాస్త మనుషుల మీద కూడా పెట్టి ఉంటే బాగుండేది.

రిజిస్టర్లు ఉంటే చాలదు, వాటిని జతపరచాలి. ఆ పనికి క్యూబెక్ విశ్వవిద్యాలయాలు పూనుకున్నాయి. 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో యూబెర్ షార్బొన్నో, జాక్ లెగారే మొదలుపెట్టిన పరిశోధన, వలస తొలి రోజుల నుంచి 1799 దాకా దొరికిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలన్నిటినీ కుటుంబాలుగా కూర్చింది. 1970ల మొదట్లో షికూటిమీలో జెరార్ బుషార్ అనే చరిత్రకారుడు ప్రారంభించిన బాల్సాక్ అనే దత్తాంశ నిధి (డేటాబేస్) మరింత ముందుకొచ్చి ఇరవయ్యో శతాబ్దపు పెళ్లిళ్లను కూడా కలిపింది. ఒకే మనిషి పేరును ముగ్గురు పాదిరీలు మూడు రకాలుగా రాస్తే ఏం చేయాలి? ఉచ్చారణను బట్టి పేర్లను గుంపులు చేసే ఫోనెమ్ అనే సంకేత పద్ధతిని బుషార్ బృందం 1981లో తయారుచేసుకుంది. ఒకే ఇంటిపేరును ఇంగ్లిషులో అన్నదమ్ములే వేర్వేరుగా రాసుకునే మనకు ఇలాంటిది ఇంకా ఎక్కువ అవసరం. ఇంటిపేరును ఒక్క ఇంగ్లిషు అక్షరానికి కుదించేసిన సర్టిఫికెట్లలో అయితే గుంపు చేయడానికి కూడా ఏమీ మిగలదు.

ఈ పని మొదట్లో చరిత్ర కోసమే. తర్వాత వైద్యానికి పనికొచ్చింది, ఆ కథ సాగ్నే ప్రాంతంలో జరిగింది.

పియెర్ కొడుకుల్లో ఒకడు సెయింట్ లారెన్స్ నది ఒడ్డున షార్లెవ్వాలో స్థిరపడ్డాడు. ఎప్పుడో ఉల్క పడి ఏర్పడిన యాభై కిలోమీటర్ల పైచిలుకు గుంత అది. చుట్టూ కొండలు, బయటి నుంచి వచ్చేవాళ్లు తక్కువ. ఉన్న కొద్ది కుటుంబాలే పెరిగాయి. భూమి చాలక 1838లో అక్కడి నుంచి ఇరవై ఒక్కమంది వాటాదారుల సంఘం ఒకటి సాగ్నే లోయకు జనాన్ని కదిలించింది. దానికి పెద్ద అలెక్సిస్ ట్రాంబ్లే, ఉరఫ్ పికోటే. అంటే మశూచి మచ్చలవాడు. ట్రాంబ్లేలు మరీ ఎక్కువై ఎవరెవరో తెలియక ఇలాంటి ఉరఫ్ పేర్లు అతికించాల్సి వచ్చేది. ఈ సౌకర్యం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది.

ఇలా ఫ్రాన్సు నుంచి వచ్చిన కొద్దిమందిలోంచి కొద్దిమంది షార్లెవ్వాకు, వారిలోంచి కొద్దిమంది సాగ్నేకు వెళ్లారు. బ్రిటిష్‌వాళ్లు ఆ వలసను గెలుచుకునే నాటికి మొత్తం న్యూ ఫ్రాన్సులో స్థిరపడిన వలసదారులే సుమారు 8,500 మంది. వారిలో ఎవరో ఒకరు మోసుకొచ్చిన జన్యుదోషం ఇన్ని వడపోతల తర్వాత సాగ్నేలో సాంద్రమైంది. టైరోసినీమియా అనే కాలేయ వ్యాధిని చూడండి. ప్రపంచంలో లక్ష కాన్పుల్లో ఒకటిగా కనిపించే ఈ జబ్బు సాగ్నేలో 1,846 కాన్పులకు ఒకటిగా లెక్క తేలింది. అక్కడ సుమారు ఇరవై మందిలో ఒకరు వాహకులు, అంటే వాళ్లకు జబ్బు ఉండదు, జన్యువు ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. నడక తడబడే షార్లెవ్వా-సాగ్నే అటాక్సియా, పసిపిల్లలను హఠాత్తుగా తీసుకుపోయే లాక్టిక్ అసిడోసిస్ వంటివి మరికొన్ని.

దగ్గరి చుట్టరికాల్లో పెళ్లిళ్లే దీనికి కారణమని బయటివాళ్లు వెక్కిరించేవారు. వంశవృక్షాలు కూర్చాక ఆ మాట నిలబడలేదు. అసలు కారణం మూలంలో కొద్దిమందే ఉండడం. తెలిసిన బంధువును పెళ్లాడకపోయినా పది తరాల వెనక అందరికీ వాళ్లే ముత్తాతలు.

ఇది తెలిశాక వాళ్లేం చేశారన్నది మనం గమనించాల్సిన భాగం. 1970 నుంచే క్యూబెక్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ టైరోసినీమియా పరీక్ష చేస్తున్నారు. 1990లలో నిటిసినోన్ మందు వచ్చాక, ముందే పట్టుకున్న పిల్లలు బతికి పెరుగుతున్నారు. అంతకుముందు కాలేయ మార్పిడే దిక్కు. 1980లో ఏర్పడిన కోరామ్ అనే సంస్థ హైస్కూళ్లకు వెళ్లి ఈ జబ్బుల గురించి పిల్లలకు చెబుతుంది. లాక్టిక్ అసిడోసిస్‌తో ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న పియెర్ లావ్వా సైకిల్ యాత్రలు చేసి, గుసగుసలుగా ఉన్న విషయాన్ని ఊరి మాట చేశాడు. 2010లో సాగ్నేలో నాలుగు వ్యాధులకు వాహక పరీక్ష ప్రయోగాత్మకంగా మొదలైంది, తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చింది. కావాలన్నవాళ్లే చేయించుకుంటారు. ఫలానావాళ్లను పెళ్లి చేసుకోవద్దని ఎవరూ అనరు. ఫలానా ఇంటిపేరువాళ్లు చెడ్డవాళ్లన్న మాట రాకుండా మొత్తం ప్రాంతం పేరుతోనే మాట్లాడతారు. అది మర్యాద కోసమే కాదు, శాస్త్రం కూడా అదే చెబుతోంది.

ఎందుకంటే ఇంటిపేరు చెప్పేది చాలా తక్కువ. ఇప్పటి ఒక ట్రాంబ్లేకు పియెర్ పదకొండు తరాల వెనకటివాడు అనుకుందాం. ఆ తరంలో పూర్వీకుల స్థానాలు 2,048. ఇంటిపేరు మోసుకొచ్చింది అందులో ఒక్క స్థానాన్ని. మిగిలిన 2,047 వేరే ఇంటిపేర్ల వెనక దాగి ఉన్నాయి, వాటిలో సగం పైచిలుకు ఆడవాళ్లవి. ఓజాన్ తన పిల్లలకు ఇచ్చింది పియెర్ ఇచ్చినదానికి ఒక్క పిసరు కూడా తక్కువ కాదు, అయినా ఖండమంతా పాకింది ఆయన పేరే. లీబర్ వ్యాధి అనే చూపు పోయే జబ్బు తల్లి ద్వారా మాత్రమే సంక్రమిస్తుంది. క్యూబెక్‌లో ఆ జన్యుదోషం ఉన్న కుటుంబాల తల్లుల వరసను వెనక్కి వెతికితే, వాటిలో చాలావరకు 1669లో క్యూబెక్‌లో పెళ్లయిన ఒకే యువతి దగ్గర కలిశాయి. వలసలో ఆడవాళ్లు తక్కువని రాజు కట్నమిచ్చి పంపిన సుమారు 770 మందిలో ఆమె ఒకరు. 2005లో ప్రచురించిన ఈ ఫలితానికి ప్రయోగశాల ఎంత కారణమో, ప్రతి తరంలోనూ తల్లి పుట్టింటిపేరు వదలకుండా రాసిన పాదిరీలూ అంతే కారణం.

2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకా విస్తారమైనది. 40 లక్షల చర్చి నమోదులను 20,451 మంది ఫ్రెంచి కెనడియన్ల, 2,276 మంది ఫ్రాన్సు వారి జన్యు సమాచారంతో కలిపి చూశారు. నదుల వెంబడి జనం ఎలా పాకారో, చుట్టరికాలు కూడా ఆ నదుల వెంబడే ఎలా పరుచుకున్నాయో తేలింది. ఫ్రాన్సులో ఉన్న ప్రాంతీయ తేడాలు వలసలో కలిసిపోయి, కొత్త నేల మీద కొత్త తేడాలు పుట్టాయి. పెర్ష్ రక్తమని గర్వపడే ట్రాంబ్లేకు నిజానికి ఫ్రాన్సులో అనేక మూలల రక్తం ఉంది.

మూలదేశం తీరు ఇక్కడ వేరు. ఫ్రాన్సులో సరదాకు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని పూర్వీకులను వెతకడం నిషేధం. వైద్యం, పరిశోధన, కోర్టు అవసరాలకు తప్ప కుదరదు. పట్టుబడితే 3,750 యూరోల జరిమానా. తండ్రి తండ్రి కాదని ఉత్తరంలో తెలిసే కుటుంబాల క్షోభ గురించి ఆ దేశానికి ఒక అభిప్రాయం ఉంది, దాన్ని వెక్కిరించనక్కర్లేదు. క్యూబెక్ రిజిస్టర్లూ లోపం లేనివి కావు. కతోలిక్కులు కానివాళ్లు వాటిలో సరిగా కనిపించరు. మూలవాసుల పేర్లను పాదిరీలు తమ నోటికి అందినట్టు రాశారు. బానిసలుగా బతికినవాళ్ల తల్లిదండ్రుల గడులు ఖాళీ.

ఇక మన వైపు. మూలంలో కొద్దిమంది ఉండి, తర్వాత తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న జనసమూహాలు క్యూబెక్‌లో కంటే మన దగ్గరే చాలా ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలకు ఈ మూలప్రభావం, ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ వాసుల కంటే, అష్కెనాజీ యూదుల కంటే తీవ్రంగా ఉంది. అందులో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైమాటే. మన ఆర్యవైశ్యులు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును విరిచే ఎంజైము వాళ్లలో కొందరికి లోపిస్తుంది. నిమిషాల్లో తొలగాల్సిన ప్రభావం గంటలపాటు ఉండి, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తెలిసిన మత్తు డాక్టరు ముందే అడుగుతారు, వేరే మందు వాడతారు. సమస్య అక్కడితో తీరిపోతుంది. తెలియడమే మందు అయిన జబ్బు ఇది.

అంటే శాస్త్రజ్ఞులు మన దగ్గర ఉన్నారు, ప్రయోగశాల ఉంది. సాగ్నేలో ఉండి ఇక్కడ లేనిది, జన్యు ఫలితాన్ని ఊరితో, ఇంటితో, తల్లి వరసతో కలిపే రాత. ఉన్నదీ ఇంటి గడప దాటదు. పెళ్లి సంబంధం చెడుతుందన్న భయంతో మేనమామ కొడుకు ఏ జబ్బుతో పోయాడో మేనత్తకు చెప్పం. ఈ భయం అర్థం లేనిది కాదు, చెప్పినవాళ్లకు నష్టం జరిగిన సందర్భాలు మన చుట్టూ ఉన్నాయి. క్యూబెక్‌లో దత్తాంశ నిధిని తలుపులు తీసి వదిలేయలేదు. పరిశోధకులు అనుమతి తీసుకోవాలి, బతికున్నవాళ్ల వివరాలు బయటికి రావు. మ్యారేజ్ బ్యూరోల చేతికి చిక్కే జాబితా అయితే ఇక్కడ ఎవరూ నోరు విప్పరు, విప్పకూడదు కూడా.

తెలుగు నేల మీద ఫ్రెంచి రాత నడిచిన చోటు ఒకటుంది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది. అక్కడి పుట్టుకలు, పెళ్లిళ్లు కూడా ఆ పద్ధతిలోనే రాశారు. 1776 నాటి ఉత్తర్వు పుణ్యమా అని ఫ్రెంచి ఇండియా రిజిస్టర్ల నకళ్లు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణంలో భద్రంగా ఉన్నాయి. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ, తమ కుల, మతాచారాల చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వచ్చిన భారతీయులను ఒక స్థిరమైన ఇంటిపేరు ఎంచుకోమంది. పాండిచ్చేరిలో దానికోసం ముందుకొచ్చిన న్యాయవాది పొన్నుతంబి పిళ్లై లాపోర్త్ అయ్యాడు. ఇంటిపేరు లేని తమిళులకు అది కొత్త వస్తువు. ముందే ఇంటిపేర్లున్న తెలుగువారికి రిజిస్టరే అసలు లాభం. గోదావరి గట్టుకు ఇవతల యానాంలో పుట్టిన ముత్తాత జాడ ఫ్రాన్సులో దొరికే అవకాశం ఉండగా, ఐదు మైళ్ల అవతలి ఊళ్లో పుట్టిన ముత్తమ్మమ్మ పుట్టింటిపేరు ఎక్కడా దొరకదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. డెబ్బై, ఎనభై ఏళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. తమ పుట్టింటిపేరు, తమ తల్లి పుట్టింటిపేరు, ఊరు చెప్పగలరు. చాలామంది అడిగితే ఇంకో తరం కూడా చెబుతారు. ఒక డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం రెండు మండలాల్లో ఈ పని పెట్టుకుంటే ఒక విద్యా సంవత్సరం సరిపోతుంది. పిచ్చకుంట్లవారి దగ్గర మిగిలిన వరసలు రికార్డు చేయడం ఇంకా తొందరగా జరగాలి. ప్రభుత్వం వైపు నుంచి, 1969 జనన మరణాల నమోదు చట్టం కింద బిడ్డ పుట్టగానే 21 రోజుల్లో తెలియజేసే ఏర్పాటు ఎలాగూ ఉంది, 2023 సవరణతో అది కంప్యూటర్లోకి కూడా వచ్చింది. ఫారంలో తల్లి పేరుకు గడి ఉంది. దాని పక్కన ఆమె పుట్టింటిపేరుకు, పుట్టిన ఊరికి రెండు గడులు చేర్చాలంటే చట్టం మార్చనక్కర్లేదు, నిబంధనల్లోని ఫారం మారిస్తే చాలు.